కొత్త బండికి ముందే పార్టులు కొనకు, అల్లుడా

అల్లుడా,

నీ కొత్త రిమోట్ కారుకు కొంటానని వాట్సాప్‌లో పంపిన పార్టుల లిస్టు చూశాను. టైర్లు, సర్వో (స్టీరింగు తిప్పే చిన్న మోటర్), బ్రష్‌లెస్ మోటర్, అల్యూమినియం లింకులు (యాక్సిల్‌ను చాసిస్‌కు కలిపే కడ్డీలు), ఇత్తడి కవర్లు, పైన క్యారియర్, దానికి లైట్లు. ఇందులో చెడ్డ వస్తువేమీ లేదు. కానీ అన్నీ ఒకేసారి బిగిస్తే ఏది దేనికి పనికొచ్చిందో నీకు తెలియదు. రేపు ఏదైనా విరిగితే ఎందుకు విరిగిందో అసలే తెలియదు. ఇది ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను.

ముందు బండిని ఉన్నది ఉన్నట్టు నడుపు. నీ దగ్గరున్నది ట్రాక్సాస్ టీఆర్‌ఎక్స్-4, నెమ్మదిగా రాళ్లు ఎక్కే క్రాలర్ రకం బండి. 2017లో వచ్చిన ఈ మోడల్‌లో కంపెనీ ఇచ్చిన సామాను తక్కువదేమీ కాదు. పోర్టల్ యాక్సిల్స్ కాబట్టి యాక్సిల్ గొట్టం చక్రం నడిమికి పైన ఉంటుంది, గుండ్ల మీద పొట్ట అంత తేలిగ్గా తగలదు. గేరు చివరి తగ్గింపు చక్రం దగ్గరే జరుగుతుంది, అందుకని షాఫ్టుల మీద పడే మెలి కూడా తక్కువ. ముందూ వెనకా డిఫరెన్షియల్స్‌ను (ఎడమ, కుడి చక్రాలు వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లను) రిమోట్‌తోనే లాక్ చేయొచ్చు, విప్పొచ్చు. ఆ స్విచ్చులు చేతికి అలవాటు కావడానికే చాలా రోజులు పడుతుంది. ముందు చక్రాల డిఫరెన్షియల్ (డిఫ్) లాక్‌లో ఉంచి స్టీరింగు తిప్పితే బండి వెడల్పుగా తిరుగుతుంది. చాలామంది దాన్ని సర్వో బలహీనత అనుకుని కొత్త సర్వో కొంటారు. లాక్ విప్పి మళ్లీ తిప్పి చూడు, తేడా నీకే కనిపిస్తుంది. అలాగే మోటర్‌కు కరెంటు ఇచ్చి వేగం అదుపు చేసే స్పీడ్ కంట్రోలర్‌ను క్రాల్ మోడ్‌లో పెట్టు. ట్రిగ్గర్ వదలగానే బండి గుండు మీద ఎక్కడిదక్కడ ఆగిపోతుంది, వెనక్కి జారదు. ఇవేవీ డబ్బు పెట్టి కొనే అప్‌గ్రేడ్‌లు కావు.

ఇక మన రాళ్ల సంగతి. మహబూబ్‌నగర్ అయినా నల్గొండ అయినా మనది గ్రానైటు నేల, రెండు వందల యాభై కోట్ల ఏళ్ల నాటి రాయి. పొడిగా, శుభ్రంగా ఉన్న గుండు మీద రబ్బరు బాగా పట్టు ఇస్తుంది, కంపెనీ టైర్లతోనే నువ్వు నమ్మలేనంత నిటారుగా ఎక్కుతుంది. బండిని జార్చేది రాయి కాదు, దాని మీద పరుచుకున్న మొరం. ఎండకూ వానకూ గుండు పైభాగం పొరలు పొరలుగా లేస్తుంది. ఆ పొర చక్రం కింద పెళుసుగా విరిగి బండితో సహా జారుతుంది. అక్కడ ఎంత మెత్తటి టైరైనా ఏం చేయలేదు. దారి మార్చుకోవాలి. ముందు రాయిని చూడటం నేర్చుకో. కోయిల్‌కొండ కోట వైపు వెళ్తే బయటి గుండ్ల మీదే నడుపు, కోట గోడల మీదికి, మెట్ల మీదికి మాత్రం ఎక్కించకు. పాత కట్టడాన్ని గీరి పాడుచేసే హక్కు మనకు లేదు.

ఇలా కొన్నాళ్లు నడిపాక బండే నీకు చెబుతుంది. ఎక్కేటప్పుడు ముందు చక్రాలు గాలిలోకి లేచి వెనక్కి దొర్లుతోందంటే ముందు బరువు చాలడం లేదని అర్థం. అప్పుడు ముందు చక్రాల దగ్గరి పోర్టల్ గేరు పెట్టెలకు ఇత్తడి కవర్లు వేయి. నా లెక్కలో పెట్టిన డబ్బుకు బాగా ఫలితం ఇచ్చేది ఇదే. బరువు కిందకీ ముందుకీ పోవాలి, స్ప్రింగుల మీద పడకూడదు. అదే బరువు పైన క్యారియర్ రూపంలో ఎక్కిస్తే బండి పక్కకు పడుతుంది. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. కానీ గుండ్లు ఎక్కించాలనుకుంటే ఆ క్యారియర్, లైట్లు లిస్టులోంచి కొట్టేయి.

టైర్లు ఆ తర్వాత. మెత్తటి రబ్బరు పట్టు బాగా ఇస్తుంది, కానీ గరుకు గ్రానైటు మీద త్వరగా అరుగుతుంది. కొంటే బీడ్‌లాక్ రిమ్ములతో (టైరు అంచును జిగురు లేకుండా స్క్రూలతో బిగించేవి) కొను. కంపెనీ టైర్లు రిమ్ముకు అంటించి వస్తాయి, లోపలి ఫోమ్ మార్చాలంటే పెద్ద పని. బీడ్‌లాక్ అయితే స్క్రూలు విప్పి మార్చుకోవచ్చు. నువ్వు వెతుకుతున్న పట్టులో సగం ఫోమ్‌లోనే ఉంటుంది. మరీ గట్టిగా ఉంటే టైరు రాతి ఆకారానికి ఒదగదు, మరీ మెత్తగా ఉంటే పక్క వాలులో మడత పడుతుంది.

సర్వో మార్చాల్సిన రోజు కూడా వస్తుంది. డిఫ్ లాక్ వేసి, రెండు గుండ్ల మధ్య ఇరుక్కున్న చక్రాన్ని తిప్పలేక సర్వో మూలుగుతూ ఉంటే అది నిజమైన కారణం. మెటల్ గేర్లున్నది, ఇరవై కిలోల పైన లాగేది తీసుకో. ఒక్క మాట, పెద్ద సర్వో బిగుసుకున్నప్పుడు కరెంటు బాగా లాగుతుంది. స్పీడ్ కంట్రోలర్ లోపలున్న బీఈసీ (బ్యాటరీ వోల్టేజి తగ్గించి సర్వోకు, రిసీవర్‌కు కరెంటు ఇచ్చే సర్క్యూట్) అంత ఇవ్వలేకపోతే వోల్టేజి పడిపోయి, రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్ ఒక్క క్షణం ఆగిపోతుంది. బండి మధ్యలో చచ్చిపోయి మళ్లీ లేస్తుంది. అది రిమోట్ లోపం అనుకుని తల పట్టుకోకు. విడిగా ఒక బీఈసీ పెట్టి, సర్వోకు కరెంటు దాని నుంచి ఇవ్వు.

అల్యూమినియం గురించి గట్టిగానే చెబుతాను. ప్లాస్టిక్ పార్టు వంగి మళ్లీ మామూలవుతుంది, రాయికి తగిలితే జారిపోతుంది. అల్యూమినియం వంగితే వంగినట్టే ఉండిపోతుంది, రాతి అంచును పట్టుకుని గీరుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, బలమైన పార్టు దెబ్బను మింగదు, పక్క పార్టుకు తోసేస్తుంది. పొలాల్లో స్టార్టర్ డబ్బాలో ఫ్యూజుకు బదులు లావు తీగ చుట్టి తెచ్చిన బోరు మోటర్లు మా షాపుకు ఎన్ని వస్తాయో నువ్వు చూశావు కదా. పది రూపాయల తీగ కాలాల్సిన చోట మొత్తం వైండింగే కాలిపోతుంది. కాబట్టి ప్రతి అప్‌గ్రేడ్‌కు ముందు ఒక ప్రశ్న వేసుకో: ఇది విరగకపోతే దీని తర్వాత ఏది విరుగుతుంది? అది ఇంతకన్నా ఖరీదైనదైతే, విప్పడం ఇంతకన్నా కష్టమైతే, ప్లాస్టిక్‌నే ఉండనివ్వు. ఒకే పార్టు ఒకే చోట మళ్లీ మళ్లీ విరుగుతుంటే అప్పుడు దాన్ని మెటల్‌తో మార్చు. మెటల్‌లోకి వెళ్లే స్క్రూలకు నీలం థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులు కాకుండా పట్టి ఉంచే మందు) ఒక చుక్క పెట్టు. ప్లాస్టిక్‌లోకి వెళ్లేవాటికి పెట్టకు, ఆ మందుకు కొన్ని ప్లాస్టిక్‌లు పగులుతాయి.

మోటర్ నా వృత్తి కాబట్టి అడగకపోయినా చెబుతా. నీ బండిలో ఉన్నది టైటన్ 550, 21 చుట్ల బ్రష్డ్ మోటర్. చుట్లు పెరిగితే వేగం తగ్గుతుంది, కరెంటు తక్కువ లాగుతుంది, నెమ్మదిగా పాకేటప్పుడు చేతి కింద మెత్తగా ఉంటుంది. అందుకే క్రాలర్లలో 35 చుట్ల మోటర్లు కూడా వాడతారు. నీకు వేగం ఎక్కువనిపిస్తే బ్రష్‌లెస్ జోలికి పోకముందే చిన్న పినియన్ (మోటర్ షాఫ్టుకుండే గేరు) వేసి చూడు. ఎక్కే బలం పెరుగుతుంది, మోటర్ మీద భారం తగ్గుతుంది. వేసేటప్పుడు రెండు గేర్ల మధ్య సన్నని కాగితం ముక్క పెట్టి బిగించి, తర్వాత లాగేయి. ఆ మాత్రం సందు ఉండాలి.

ఎండాకాలంలో జాగ్రత్త. మన దగ్గర 40 డిగ్రీలు దాటిన రోజు గుండు ఇంకా ఎక్కువ కాలుతుంది. నెమ్మదిగా పాకే బండిలో మోటర్ ఫ్యాను తిరిగేది తక్కువ, గాలి సరిగా ఆడదు. అప్పుడప్పుడు ఆపి మోటర్ మీద వేలు పెట్టు. ఆనించి ఉంచలేకపోతే బండి పక్కన పెట్టు. ఉదయం ఎండ ఎక్కకముందు నడపడమే మేలు. లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీని బైకు డిక్కీలో ఎండలో వదలకు. దాచేటప్పుడు ఒక్కో సెల్ 3.8 వోల్టుల దగ్గర ఉంచు, నిండా 4.2తో వారాల తరబడి పెట్టకు. స్పీడ్ కంట్రోలర్ లైటు పచ్చగా ఉంటే తక్కువ వోల్టేజి రక్షణ పనిచేస్తున్నట్టు, ఎర్రగా ఉంటే ఆపేసినట్టు. లైపో పెట్టాక ప్రతిసారీ ఆ రంగు చూశాకే బండి కింద పెట్టు.

ఇప్పుడే కొనాలనిపిస్తే మంచి హెక్స్ స్క్రూడ్రైవర్లు కొను, ఒక సెట్టు బేరింగులు కొను. వాటర్‌ప్రూఫ్ అన్నది కరెంటు సామానుకే, బేరింగులకు కాదు. వాగులో దింపిన రోజు ఆరబెట్టి నూనె చుక్క వేయకపోతే తుప్పు పడతాయి. సైజులు బండితో వచ్చిన పార్టుల కాగితంలో ఉంటాయి, ఫొటో తీసి పంపు. వైండింగ్ తీగ కోసం హైదరాబాద్ వెళ్తున్నాను, దొరికితే తెచ్చి పెడతాను.

అక్కకు, బావగారికి నమస్కారాలు చెప్పు.

మీ మామ,
నల్గొండ