గడువు ఎప్పటి నుంచి లెక్కో రాయి, అమ్మలూ

చిరంజీవి అమ్మలుకి మామయ్య ఆశీస్సులు.

పొలాల్లో పెంచిన చెట్ల నరికివేత, రవాణా నిబంధనలు తిరగరాసే కమిటీలో నిన్ను వేశారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం టెన్షన్.

1927 అటవీ చట్టంలో కలప రవాణా గురించి చెప్పే 41వ సెక్షన్, 2025 జూన్‌లో కేంద్రం పంపిన నమూనా నిబంధనలు చదివే ఉంటావు. రైతుల్నీ, కోత మిల్లుల వాళ్ళనీ పిలిచి మాట్లాడు. ఇవి నేను చెప్పక్కర్లేదు.

నేను అటవీ శాఖ డివిజన్ ఆఫీసులో ఉన్నప్పుడు రవాణా పర్మిట్ షరతులు రాసే పని నాకిచ్చారు. అప్పట్లో ఒకే పర్మిట్ చూపించి రెండు లోడ్లు దాటించేవాళ్ళు. రెండోది అడవి కలప. ఆ దొంగల మీద కోపంతో ‘జారీ చేసిన తేదీ నుంచి ఏడు రోజులే చెల్లుతుంది’ అని రాశాను. గట్టి షరతు పెట్టానని గర్వపడ్డాను కూడా. కాగితం పోస్టులో రైతు చేతికి చేరేసరికి ఐదు రోజులు పోతాయని నాకు తట్టలేదు. ఒకాయన గట్టు మీద పెంచుకున్న టేకు లారీ ఎనిమిదో రోజున చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయింది. కేసు తేలేసరికి రెండు వానాకాలాలు. పొలం టేకుకి చేవ, అంటే లోపలి గట్టి చెక్క తక్కువ, దాని చుట్టూ ఉండే తెల్లచెక్క ఎక్కువ. ఆ తెల్లచెక్కంతా పురుగు తినేసింది, దుంగల చివర్లు బీటలు వారాయి. వెళ్ళి చూశాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. “ఇక గట్ల మీద మొక్క పెట్టనండీ” అన్నాడంతే. చుట్టుపక్కల వాళ్ళూ జంకారు. కొన్నేళ్ళకి అక్కడి కోత మిల్లు మూతపడింది. కారణాలు చాలా చెప్పారు. నాకు మాత్రం నా వాక్యమే గుర్తొస్తుంది.

అందుకే ప్రతి గడువూ ఏ రోజు నుంచి లెక్కో విడమరిచి రాయి. ఆఫీసు ఇన్ని రోజుల్లో జవాబివ్వకపోతే అనుమతి ఇచ్చినట్టే అని కూడా రాయి. గడ్డిజాతి వెదురుని ఆ 1927 చట్టంలోని ‘చెట్టు’ నిర్వచనం నుంచి తీసెయ్యడానికి 2017 దాకా, అంటే తొంభై ఏళ్ళు పట్టింది. ఒక్క మాట అమ్మా అది!

అలాగని పర్మిట్లన్నీ ఎత్తేద్దామంటున్నావట. అదేం తొందర? సరుగుడు, జామాయిల్‌కి పర్మిట్ అక్కర్లేదంటే నేనూ ఒప్పుకుంటాను. టేకు అడవిలోనూ ఉంటుంది. దానికి నరికిన చెట్టు మోడు ఫొటో, లొకేషన్ అడగాల్సిందే. లేకపోతే రైతు పేరు మీద అడవి కరిగిపోతుంది. ఇప్పుడు ఆన్‌లైన్ పాసు ఉంది, చెక్‌పోస్టులోనే సరిచూసుకోవచ్చు కాబట్టి, రెండో లోడు భయంతో రైతు గడువు కోసే అవసరం లేదు. అప్పుడు నాకా సౌకర్యం లేదు.

చిన్నప్పుడు కలప డిపోలో దుంగలెక్కి కూర్చుని వలయాలు లెక్కపెట్టేదానివి. తప్పితే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేదానివి, ఎండ అన్నా దిగేదానివి కాదు. ఆ ఓపిక ఇప్పుడు కావాలి.

డ్రాఫ్ట్ నాకు పంపు. పెన్సిల్‌తోనే గీస్తాలే.

మీ మామయ్య