అన్నయ్యతో మాట్లాడటానికి కార్టూన్ కావాలా?

తెనాలి నుంచి ఉత్తరం రాసిన సోదరుడికి,

'ఈనాడు'లో కార్టూనిస్టు శ్రీధర్ గారి 'ఇదీ సంగతి' కార్టూన్ ఆగిపోయాక పొద్దున్నే పేపర్ తెరవబుద్ధి కావడం లేదన్నారు. పేపర్ మార్చమంటారా, మానేయమంటారా అని అడిగారు. మీకెలా తోస్తే అలా చేయండి. అది నన్ను అడగాల్సిన సంగతి కాదు.

శ్రీధర్ గారు 2021 ఆగస్టులో ఆ పత్రికకు రాజీనామా చేశారు. అమెరికాలో కార్టూనిస్టు బిల్ వాటర్సన్ అయితే 'కాల్విన్ అండ్ హాబ్స్' అనే బొమ్మల కథని పదేళ్లు గీసి, జనం ఎగబడి చదువుతుండగానే 1995 డిసెంబర్ 31న ఆపేశారు. అప్పటికి ఆయన వయసు 37. ఎప్పుడు ఆపాలో తామే తేల్చుకునే వాళ్లంటే నాకు ఎంతో గౌరవం. బెంగ పెట్టుకోవచ్చు గానీ, ఎందుకు మానేశారని నిలదీసే హక్కు మనకు లేదు.

మీ ఉత్తరంలో కార్టూన్ గురించి ఉన్నవి నాలుగు వాక్యాలే. మిగతా రెండు పేజీలూ హైదరాబాద్‌లో ఉన్న మీ అన్నయ్య గురించే. నాన్నగారి ఇల్లు అమ్మినప్పుడు, చెల్లెలి పెళ్లి ఖర్చు కింద ఆయన ఎక్కువ వాటా తీసుకున్నారు. మీరు నోరెత్తలేదు. ఆ తర్వాత మీ మధ్య మిగిలింది పొద్దున్నే ఒక ఫోన్. "చూశావా?" అని ఆయన అనడం, ఇద్దరూ నవ్వుకోవడం, పెట్టేయడం. కార్టూన్ ఆగింది, ఫోనూ ఆగింది. వదినగారి మోకాలి ఆపరేషన్ సంగతి కూడా మీ మేనల్లుడు చెబితే గానీ మీకు తెలియలేదు. మిమ్మల్ని తినేస్తున్నది ఇదీ!

"ఫోన్ ఆయనే చేయాలి కదా, పెద్దవాడు" అని రాశారు. నేనొప్పుకోను. తోడబుట్టినవాడి ఇంట్లో మనిషి మంచాన పడితే వెళ్లాల్సింది తమ్ముడే. పిలుపు కోసం చూడటానికి అదేమీ శుభకార్యం కాదు. అలాగని వాటా విషయం మింగేసి ఊరుకోమనీ అనను. అప్పుడు నోరెత్తకపోవడం మంచితనం కాదు, భయం.

పాత కార్టూన్ ఏదో వాట్సాప్‌లో పంపి మొదలుపెడదామన్న ఆలోచన మానేయండి. ఈ ఆదివారం రైలెక్కండి. వదినగారిని చూడటానికే వచ్చానని చెప్పండి, ఒక పూట ఉండండి. డబ్బు మాట ఆ రోజు వద్దు. ఆవిడ లేచి తిరిగాక మళ్లీ వెళ్లి, అన్నదమ్ములిద్దరే కూర్చుని, పెళ్లి ఖర్చుల లెక్క చూపించమని అడగండి. బావగారిని మాత్రం మధ్యలోకి లాగకండి.