పత్రం చెప్పేదీ, సర్వర్ పంపేదీ

చి. తమ్ముడికి ఆశీస్సులు.

ఏపీఐ (బయటి ప్రోగ్రాములు మన సర్వర్‌ను సమాచారం అడిగే మార్గం) డాక్యుమెంటేషన్ బాధ్యత నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. అందరూ దీన్ని రాతపని అనుకుంటారు. నన్నడిగితే ఇందులో ముప్పాతిక వంతు తనిఖీయే.

ముందుగా పేజీలో ఉన్న ప్రతి రిక్వెస్టునూ నువ్వే సర్వర్‌కు పంపి, వచ్చిన జవాబును ఉదాహరణతో పోల్చి చూడు. చేత్తో రాసిన ఉదాహరణలైతే తేడా దొరక్కపోదు. ఇకపై టెస్టులో వచ్చిన అసలు జవాబునే అక్కడ పెట్టు. టోకెన్లు (ప్రవేశానికి వాడే రహస్య సంకేతాలు), వినియోగదారుల వివరాలు మాత్రం అందులో మిగలనివ్వకు.

తేడాలు ఎక్కువగా దాక్కునేది విలువ లేని చోట. ఫోను నంబరు ఇవ్వని వినియోగదారుడున్నాడనుకో. సర్వర్ ఆ ఫీల్డును వదిలేస్తుందా, ‘విలువ లేదు’ అని చెప్పే నల్ పంపుతుందా, అక్షరాలేవీ లేని ఖాళీ స్ట్రింగు పంపుతుందా? పత్రంలో ‘ఫోను: స్ట్రింగు’ అని మాత్రమే ఉంటే, దాన్ని నమ్మినవాడి ప్రోగ్రాము సరిగ్గా అక్కడే కూలుతుంది. ఏపీఐలను వర్ణించే ప్రామాణిక పద్ధతి ఓపెన్‌ఏపీఐ 3.0లో ఇందుకు ‘నల్లబుల్’ అనే గుర్తు ఉండేది. 2021లో వచ్చిన 3.1లో దాన్ని తీసేసి, టైపుల జాబితాలోనే నల్‌ను చేర్చమన్నారు. పాత గుర్తును కొత్త ఫైలులో అలాగే వదిలేస్తే గొడవేమీ జరగకపోవచ్చు, కానీ దానికి అర్థమూ ఉండదు.

టెస్టుల్లో వచ్చే ప్రతి జవాబునూ స్కీమాతో (జవాబు ఏ రూపంలో ఉండాలో చెప్పే వర్ణనతో) సరిచూసి, తేడా వస్తే బిల్డు, అంటే ప్రోగ్రాము తయారీ, ఆగిపోయేలా ఏర్పాటు చెయ్యి. అన్నీ పాసయ్యాయని మురిసిపోకు సుమా! సర్వర్ జవాబులు రాసే ఫార్మాటు జేసన్. దాని రూపాన్ని వర్ణించే జేసన్ స్కీమాలో ‘రిక్వైర్డ్’ జాబితాకు ఎక్కించనంత వరకు ఏ ఫీల్డూ తప్పనిసరి కాదు. అడగని ఫీల్డులు వచ్చినా అది అభ్యంతరం చెప్పదు. ఆ జాబితా రాయకపోతే సర్వర్ ఉత్త ఖాళీ ఆబ్జెక్టు పంపినా పాసే. కాబట్టి తప్పనిసరివన్నీ జాబితాలో రాయి, అదనపు ఫీల్డులను టెస్టుల్లో నిషేధించు. వాడేవాళ్లకు మాత్రం తెలియని ఫీల్డులను పట్టించుకోవద్దని చెప్పు. లేకపోతే రేపు ఒక్క ఫీల్డు చేర్చాలన్నా నీ చేతులు కట్టేసినట్టే.

ఎర్రర్లను కూడా కావాలనే రప్పించి చూడు. వాటి రూపానికి ఆర్‌ఎఫ్‌సీ 9457 అనే ఇంటర్నెట్ ప్రమాణం ఉంది, కొత్తది కనిపెట్టకు. సర్వర్ ముందున్న ప్రాక్సీ (రిక్వెస్టులను చేరవేసే మధ్యవర్తి) 502 ఎర్రర్‌తో హెచ్‌టీఎంఎల్ పేజీ పంపుతుంటే అది మన కోడులో కనబడదు, కాబట్టి పత్రానికీ ఎక్కదు. జేసన్ కోసం చూస్తున్నవాడు తల బద్దలు కొట్టుకుంటాడు.

పెద్ద ఐడీలను స్ట్రింగుగా పంపండి. 9007199254740991 దాటిన సంఖ్యల్లో చాలావాటిని జావాస్క్రిప్ట్ మార్చేస్తుంది. పత్రంలోనూ సర్వర్‌లోనూ తప్పు లేకున్నా అవతలివాడికి వేరే ఐడీ చేరుతుంది.

తేడా బయటపడ్డాక దేన్ని దిద్దాలన్న వాదన తప్పకుండా వస్తుంది. కొత్త ఏపీఐ అయితే సర్వర్‌ను దిద్దించు. బయటివాళ్లు ఆ జవాబు మీద ఇప్పటికే ప్రోగ్రాములు కట్టుకుని ఉంటే మాత్రం, అదెంత వికారంగా ఉన్నా పంతానికి పోకుండా పత్రాన్నే దిద్దు. చక్కని రూపాన్ని కొత్త వెర్షన్‌లో ఇచ్చి, పాతది ఏ తేదీన ఆగిపోతుందో జవాబుతో పాటు వెళ్లే ‘సన్‌సెట్’ హెడర్‌లో ముందే పంపు.

ఇట్లు,
నీ అన్నయ్య