భర్తను లెక్కలు అడిగితే లోబడనట్టేనా?

ప్రశ్న: మాకు పెళ్లై తొమ్మిదేళ్లు, ఇద్దరు పిల్లలు. నేనూ ఉద్యోగం చేస్తాను. జీతం పడిన రోజే మావారి ఖాతాకు పంపేస్తాను, ఇంటి ఖర్చుకు ఆయన ఇచ్చినంత తీసుకుంటాను. ఆయన ఒక స్నేహితుడి అప్పుకు పూచీగా సంతకం పెట్టారని, ఆ స్నేహితుడు వాయిదాలు కట్టడం మానేశాడని ఈమధ్య బ్యాంకు నుంచి ఉత్తరం వస్తే తెలిసింది. అడిగితే "ఇవన్నీ నీకెందుకు? భార్య లోబడి ఉండాలని వాక్యం చెప్పలేదా?" అన్నారు. సంఘంలో ఒక పెద్దావిడకు చెప్పుకుంటే, ఏమీ అడగకుండా ప్రార్థన చేసుకోమన్నారు. ఆయనకు తెలియకుండా ఇంటి ఖర్చులో మిగిల్చి సంఘానికి దశమభాగం (రాబడిలో పదోవంతు కానుక) ఇస్తున్నాను, కొంత దాచుకుంటున్నాను. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నేను అడగడం పాపమా?

జవాబు: సహోదరీ, అడగడం పాపం కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. మీ ఉత్తరంలో అప్పు గురించిన భయం కంటే దేవుని మాట మీరానేమోనన్న భయమే ఎక్కువగా కనిపించింది.

మీ భర్త ఎత్తిచూపిన మాట బైబిల్లో ఎఫెసీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయం 22వ వచనం. దానికి ముందు వచనం ఒకరికొకరు లోబడి ఉండమంటుంది. 25వ వచనం, క్రీస్తు సంఘం కోసం తనను తాను అప్పగించుకున్నట్టు భార్యను ప్రేమించమని భర్తకు చెబుతుంది. మధ్యలో ఒక్క వచనాన్ని తీసి భార్య నోటికి తాళంలా వేయడం వాక్యానికి న్యాయం చేయడం కాదు. సామెతలు 31లో భర్త ఏ భార్యను మనసారా నమ్మాడో, ఆ భార్యే పొలాన్ని చూసి, ఆలోచించి కొంటుంది. నారబట్టలు నేయించి అమ్ముతుంది. డబ్బు విషయాలు ఆమెకెందుకని అక్కడ ఎవరూ అనలేదు.

అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయం కూడా ఒకసారి నిదానంగా చదవండి. అననీయ పొలం అమ్మిన సొమ్ములో కొంత దాచుకుని, మొత్తం అపొస్తలులకు ఇచ్చినట్టు చూపించాడు. అది భార్య సప్పీరాకు తెలుసు. దాదాపు మూడు గంటల తర్వాత ఆమె వచ్చినప్పుడు, పొలం ఇంతకే అమ్మారా అని అపొస్తలుడైన పేతురు ఆమెనే అడిగాడు. భర్త మాట విన్నందుకు ఆమె జవాబుదారీ తప్పిపోలేదు. ఇంటి డబ్బు విషయంలో దేవుడు భార్యను విడిగా ప్రశ్నించగలడని ఆ అధ్యాయం చదివిన ప్రతిసారీ నాకు అనిపిస్తుంది.

రెండవ రాజులు 4వ అధ్యాయంలో ఇంకొక ఇల్లు కనిపిస్తుంది. భర్త ప్రవక్తల శిష్యుడు, యెహోవాయందు భయభక్తులు గలవాడు. అయినా అప్పు మిగిల్చి చనిపోయాడు. అప్పులవాడు ఇద్దరు కొడుకుల్ని దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. ప్రవక్త ఎలీషా ఆ విధవరాలితో, అద్భుతంగా పాత్రల్లో నిండిన నూనె అమ్మి ముందు అప్పు తీర్చమని, మిగిలినదానితో బతకమని చెప్పాడు. మంచి భర్తలు కూడా అప్పుల్లో పడతారు, ఆ బరువు చివరికి ఇంటి మీదికే వస్తుంది. అందుకే ఆ లెక్క మీకు ఇప్పుడే తెలియాలి.

ఇక పూచీ సంగతి. ఇది ప్రార్థన చేసి ఊరుకునే విషయం కాదు. సామెతలు 6వ అధ్యాయం మొదటి ఐదు వచనాలు, పూచీ ఇచ్చి ఇరుక్కున్నవాణ్ని కంటికి నిద్ర రానీయకుండా వెళ్లి, తగ్గించుకుని బతిమాలి, వేటగాడి చేతి నుంచి లేడి తప్పించుకున్నట్టు బయటపడమంటాయి. అసలు అప్పు తీసుకున్నవాడు కట్టకపోతే పూచీ పెట్టినవాణ్ని బ్యాంకు అడుగుతుంది. కాబట్టి ఆ పూచీ కాగితం నకలు తెప్పించండి. బాకీ ఎంత, ఎన్ని వాయిదాలు ఆగాయి, మీ ఇల్లు గానీ మరేదైనా ఆస్తి గానీ దానికి తాకట్టు పడిందా, మీ సంతకం కూడా ఎక్కడైనా ఉందా చూడండి. మీ భర్తా ఆ స్నేహితుడూ కలిసి బ్యాంకుకు వెళ్లి వాయిదాలు మార్చమని అడగడం మంచిది. కాగితం మీకు అర్థం కాకపోతే లాయరుకు చూపించండి. మీరు చదవని కాగితం మీద ఎవరు చెప్పినా సంతకం పెట్టకండి, భర్త చెప్పినా సరే.

మీ భర్తతో ఎప్పుడు మాట్లాడాలో నాబాలు భార్య అబీగయీలు దగ్గర నేర్చుకోవచ్చు (1 సమూయేలు 25). నాబాలు మొరటుతనం వల్ల దావీదు మనుషులు కత్తులతో ఇంటి మీదికి వస్తుంటే, ఆమె భర్తతో చెప్పకుండానే బయలుదేరి దావీదును ఆపింది. తిరిగి వచ్చేసరికి నాబాలు బాగా తాగి ఉన్నాడు. ఆ రాత్రి ఒక్క మాటా అనలేదు. తెల్లారి మత్తు దిగాక ఉన్నదంతా చెప్పింది. మీరూ ఆయన అలసిపోయి వచ్చిన వేళ, పిల్లల ముందు, కోపంలో ఉన్నప్పుడు ఎత్తకండి. తీరిక చూసి, "మీ మీద నమ్మకం లేక అడగడం లేదండి. రేపు ఆ అప్పు మన మీద పడితే నేనూ మోయాలి కదా, ఎంతో నాకు తెలియనివ్వండి" అనండి. ఒక కాగితం మీద వచ్చేది, పోయేది, కట్టాల్సింది ఇద్దరూ కలిసి రాయండి. మొదటిసారే అంతా తేలకపోవచ్చు, అయినా వదలకండి.

దశమభాగం విషయంలో మీరు బాధపడతారని తెలిసినా చెప్పాలి. ఇంటి ఖర్చుకు ఇచ్చిన డబ్బులోంచి దాచి ఇవ్వడం మానండి. కానుక పేరు చెప్పి తల్లిదండ్రుల బాధ్యత తప్పించుకున్నవారిని మార్కు 7వ అధ్యాయంలో యేసు గద్దించాడు. కానుకైనా ఇంటివారి హక్కును దాటదు. కానుక ఉన్నదాన్ని బట్టే అంగీకారమవుతుందని పౌలు రాశాడు (2 కొరింథీ 8:12). మీ జీతంలోంచి ఇవ్వాలని ఉంటే ఆయనతో చెప్పే ఇవ్వండి. ఒప్పుకోకపోతే, ఒప్పుకున్నంతే ఇవ్వండి. దేవుడు మీ మనసు ఎరుగును.

దాచిన సొమ్ము గురించి నా అభిప్రాయం వేరు. కష్టానికి కొంత మీ పేరున ఉండటం మంచిదే, అయితే ఉందని ఆయనకు చెప్పండి. ఒక్క సందర్భంలో తప్ప. ఆయన చెయ్యి ఎత్తుతున్నా, భయపెడుతున్నా చెప్పనక్కర్లేదు. అప్పుడు లెక్కల మాట పక్కనపెట్టి, ముందు మీరూ పిల్లలూ క్షేమంగా ఉండే చోటు చూసుకోండి. నమ్మకమైన బంధువులకు, పోలీసులకు చెప్పడం కూడా తప్పు కాదు. దెబ్బలకు లోబడమని ఏ వాక్యమూ భార్యకు చెప్పలేదు.

ఆ పెద్దావిడ మీ మేలు కోరే చెప్పి ఉంటారు, కానీ ఆ సలహా పాటించకండి. మత్తయి 18వ అధ్యాయం ప్రకారం ముందు మీరిద్దరే మాట్లాడుకోండి. ఆయన వినకపోతే, ఆయన గౌరవించే ఒక సంఘ పెద్దను, వీలైతే డబ్బు వ్యవహారాలు తెలిసినవారిని, ఇంటికి పిలవండి. బ్యాంకు ఇచ్చిన గడువు ఆ ఉత్తరంలో ఉందేమో ఈ రోజే చూడండి. ఉంటే ఈ మాటలన్నీ ఆ తేదీకి ముందే జరిగిపోవాలి.