విజయనగరంలో పారిశుద్ధ్య కార్మికుల పిల్లలకు సాయంత్రం సెంటర్: న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ పద్ధతి ఇక్కడ పనికొస్తుందా?

మీరు అడిగింది ఇది. విజయనగరం టౌన్‌లో మున్సిపల్ పారిశుద్ధ్య కార్మికులు, పండ్ల బళ్ళవాళ్ళు ఉండే వీధిలో మీరు నలుగురు మిత్రులు కలిసి సాయంత్రాలు పిల్లలకు ఉచితంగా చదువు చెప్పాలనుకుంటున్నారు. కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీలో నగరాల్లోని పేద, మైనారిటీ పిల్లల చదువు కోసమే ఒక ఇన్‌స్టిట్యూట్ ఉందని విన్నారు. ఆ పద్ధతి మనకు పనికొస్తుందా, ఏ తరగతితో మొదలుపెట్టాలి, స్పోకెన్ ఇంగ్లీష్ కూడా పెట్టాలా అన్నది మీ సందేహం.

పనికొస్తుంది. అయితే వాళ్ళ దగ్గర తీసుకోవలసింది సిలబస్సో, బోధనా కిట్టో అనుకోకండి. ఒక ఆలోచన తీసుకోవాలి. నేను ఈ ఊళ్ళోనే మున్సిపల్ బడిలో చాలా ఏళ్ళు టీచరుగా చేశాను. తోటి టీచర్లతో కలిసి, మీరు చెప్పినలాంటి పారిశుద్ధ్య పని, పండ్ల అమ్మకం చేసే రెల్లి కులస్తుల వీధిలోనే సాయంత్రం సెంటర్ నడిపాను, ఇప్పటికీ వీలైనప్పుడల్లా వెళుతుంటాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందు ఆ ఇన్‌స్టిట్యూట్ సంగతి. దాన్ని 1973లో ఎడ్మండ్ గోర్డన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రారంభించారు. ఆయన 1921లో పుట్టిన నల్లజాతి అమెరికన్. టీచర్స్ కాలేజీ ఉన్నది న్యూయార్క్‌లో హార్లెం పక్కనే. హార్లెం నల్లజాతి కుటుంబాలు, స్పానిష్ మాట్లాడే కుటుంబాలు ఎక్కువగా ఉండే ప్రాంతం. ఇన్‌స్టిట్యూట్ పెట్టకముందే గోర్డన్, పిల్లల డాక్టరైన ఆయన భార్య సుసాన్ హార్లెంలో పిల్లల కోసం క్లినిక్ నడిపారు. పిల్లవాడి ఒంటిని, మనసును, ఇంటిని కలిపి చూడకుండా చదువు సంగతి తేలదన్న నమ్మకం ఆయనకు అక్కడినుంచే ఉందని నాకనిపిస్తుంది.

1965 వేసవిలో అమెరికా ప్రభుత్వం బడికి వెళ్ళబోయే పేద పిల్లల కోసం హెడ్ స్టార్ట్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ మొదటి వేసవిలోనే 5 లక్షలకు పైగా పిల్లలు అందులో చేరారు. తిండి, వైద్యం, ఆటపాటలు, తల్లిదండ్రుల పాత్ర అన్నీ అందులో కలిసి ఉన్నాయి. దాని పరిశోధన విభాగాన్ని చూసింది గోర్డనే. మన అంగన్‌వాడీలకు ఆధారమైన ఐసీడీఎస్ 1975 అక్టోబరు 2న మొదలైంది. పోషణ, టీకాలు, ప్రీ స్కూలు ఒకే చోట ఉండాలన్న ఉద్దేశం రెండిట్లోనూ కనిపిస్తుంది. కాబట్టి ఆయన మాటలు మనకు మరీ పరాయివేమీ కావు.

1966లో అమెరికాలో కోల్‌మన్ రిపోర్టు వచ్చింది. 6 లక్షలకు పైగా విద్యార్థులను పరిశీలించి, బడిలో సౌకర్యాల తేడాల కన్నా ఇంటి నేపథ్యమే పిల్లల మార్కులతో ఎక్కువ ముడిపడి ఉందని తేల్చింది. చాలామంది దీన్ని చూసి "ఇంక బడి ఏం చేయగలదు" అని చేతులెత్తేశారు. గోర్డన్ దాన్ని మరో వైపు నుంచి చూశారు. ఉన్నవాళ్ళ పిల్లలకు బడి బయట ఏమేం అందుతున్నాయో లెక్క తీసి, అవే లేనివాళ్ళ పిల్లలకు కావాలని, పద్ధతి ప్రకారం అందిద్దాం అన్నారు. దీనికి ఆయన పెట్టిన పేరుని తెలుగులో అనుబంధ విద్య అనుకోవచ్చు. ఇంట్లో పుస్తకాలు, పెద్దలతో మాటామంతీ, ఊళ్ళు తిరగడం, లైబ్రరీ, సంగీతం, ఆరోగ్యం, ఏ ఆఫీసులో ఏ కాగితం అడుగుతారో తెలిసిన మనుషులు, ఇవన్నీ అందులో భాగమే.

మన ఊళ్ళోనే చూడండి. కంటోన్మెంట్ వైపు ఒక ఉద్యోగి ఇంట్లో పిల్లకి చదువు పుస్తకం తెరవకముందే మొదలవుతుంది. పొద్దున్నే పేపరు వస్తుంది. బాబాయి బ్యాంకులో చేస్తాడు, అక్క వైజాగ్‌లో ఇంజనీరింగ్ చదువుతోంది. నవోదయ పరీక్ష ఎప్పుడో, అప్లికేషన్ ఎక్కడ పెట్టాలో భోజనాల దగ్గర మాటల్లోనే వచ్చేస్తుంది. రెల్లి వీధిలో అమ్మ తెల్లవారకముందే మస్తరుకు, అంటే పనిలో హాజరు వేయించుకోవడానికి, వెళ్ళిపోతుంది. నాన్న బండి తోసుకుని ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర జామకాయలో సీతాఫలాలో అమ్ముతుంటాడు. ఒక తల్లి నాతో అంది: "టీచరమ్మా, మాకేటి తెలుస్తాది? మీరు సూడండి, అది బాగా సదూతాదా లేదా అని." ఆ పిల్ల బాగానే చదువుతోంది. తల్లికి ఆ మాట చెప్పినవాళ్ళే లేరు.

అందుకే నా మొదటి సలహా. మీ సెంటర్‌ని రెండో బడి చేయకండి. బడిలో ఆరేడు గంటలు కూర్చుని వచ్చిన పిల్లల చేత మళ్ళీ ఎక్కాలు, కాపీ రైటింగ్ చేయిస్తే వారం తిరిగేసరికి సగం మంది రారు. హోంవర్కుకి అరగంట చాలు. మిగతా సమయం బడి ఇవ్వలేనిదానికి వాడండి. జిల్లా కేంద్ర గ్రంథాలయానికి తీసుకెళ్ళండి. పోస్టాఫీసులో, రైల్వే స్టేషన్‌లో పని ఎలా జరుగుతుందో చూపించండి. మా పిల్లలని మహారాజా సంగీత కళాశాలకు తీసుకెళ్ళాం. 1919లో మొదలైన కాలేజీ, మొదటి ప్రిన్సిపల్ ఆదిభట్ల నారాయణదాసు, ఘంటసాల చదువుకున్నదీ అక్కడే. పుట్టినప్పటినుంచీ ఆ గేటు ముందు తిరుగుతున్న పిల్లలు మొదటిసారి లోపలికి వెళ్ళారు. మృదంగం క్లాసు దగ్గర నుంచి కదలమంటే కదల్లేదు.

ఇంక భాష విషయం. మీ ప్రశ్నలో ఇది లేదు కానీ నా దృష్టిలో అసలు విషయం ఇదే. రెల్లి కుటుంబాల్లో చాలామంది ఇళ్ళల్లో ఒడియాకు దగ్గరగా ఉండే సొంత భాష ఉంది. పెద్దవాళ్ళు అందులోనే మాట్లాడుకుంటారు. పిల్లవాడికి ఇంట్లో ఒక భాష, వీధిలో ఉత్తరాంధ్ర తెలుగు, బడిలో పుస్తకాల తెలుగు, పైన ఇంగ్లీష్ పాఠాలు. ప్రభుత్వం ఈ పిల్లలను ఎస్సీలుగా లెక్కిస్తుంది, స్కాలర్‌షిప్ ఇస్తుంది. భాషా మైనారిటీగా మాత్రం ఎవరి లెక్కలోకీ రారు. రాజ్యాంగంలో 350ఏ అధికరణం, 1956లో చేర్చింది, భాషాపరమైన అల్పసంఖ్యాక పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధన సౌకర్యం కల్పించే ప్రయత్నం చేయాలని చెబుతోంది. ఇచ్ఛాపురం వైపు ఒడియా బడులైనా ఉన్నాయి. పుస్తకాల్లేని భాష మాట్లాడే పిల్లల పరిస్థితి వేరు. ఒకటో తరగతిలో మౌనంగా కూర్చున్న పిల్లని "మొద్దు" అని రాసేసినవాళ్ళని చూశాను. ఒక బడిలో ఈ వీధి పిల్లల్ని చివరి వరసలో కూర్చోబెట్టి, ఊడ్చే పని వాళ్ళకే చెప్పేవారు. ఇప్పటికీ తలచుకుంటే కడుపు మండుతుంది.

దీనికి అమెరికా వరకు వెళ్ళనక్కర్లేదు. మన శ్రీకాకుళం గడ్డ మీద పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పనిచేస్తూ సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు, దానికి వాచకాలు, వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పే బడులు పెట్టించారు. వందేళ్ళ కిందట ఆయన చేసిన పని అది. మీరు నిఘంటువు రాయనక్కర్లేదు. వీధిలోని ఒక అమ్మమ్మని వారానికోసారి సెంటర్‌కి పిలిచి, వాళ్ళ భాషలో కథ చెప్పించండి. పిల్లలు దాన్ని తెలుగు అక్షరాల్లో రాస్తారు, మళ్ళీ తెలుగులోకి చెబుతారు. మేం అలా చేశాక నోరు విప్పని పిల్లలు విప్పారు. ఆ అమ్మమ్మలు తర్వాత పిలవకుండానే వచ్చేవారు.

గోర్డన్ గట్టిగా చెప్పే రెండో సంగతి, పిల్లల్లో ఏం లేదో వెతకడం మానేసి ఏముందో చూడమని. ఈ వీధి పిల్లలు లెక్కల్లో వెనకబడ్డారని రికార్డులు చెబుతాయి. అదే పిల్లవాడు సాయంత్రం బండి దగ్గర ముప్పావు కిలో జామకాయలకి ఎంతో, గెల మీద కొన్న అరటిపండ్లు డజను ఎంతకి అమ్మితే గిట్టుబాటో క్షణంలో చెబుతాడు. భిన్నాలు, శాతాలు అతని నోట్లోనే ఉన్నాయి. వాటిని కాగితం మీద పెట్టే దారి చూపించడమే మీ పని. మేం పండ్ల ధరల పట్టికతో లెక్కల క్లాసు మొదలుపెట్టేవాళ్ళం. అయిదో తరగతి పిల్లలు లాభనష్టాలు ఆడుతూ పాడుతూ చేశారు.

పరీక్షల గురించి కూడా ఒక మాట. 2011లో గోర్డన్ పేరుతోనే ఒక కమిషన్ ఏర్పడి, పరీక్ష అన్నది పిల్లలకు ర్యాంకులు వేయడానికి కన్నా తర్వాత ఏం నేర్పాలో తెలుసుకోవడానికి ఉపయోగపడాలని వాదించింది. బడిలో ఎఫ్‌ఏ, ఎస్‌ఏ పరీక్షల మార్కులు ఎలాగూ ఉంటాయి. మీ దగ్గర మార్కులు వద్దు. ప్రతి పిల్ల పేరుతో ఒక నోటు పుస్తకం పెట్టండి. ఈ వారం ఏ ఒత్తు దగ్గర ఆగిందో, ఏ లెక్క సొంతంగా చేసిందో రెండు వాక్యాలు రాయండి. తల్లులకు చదివి వినిపించండి. వాళ్ళు శ్రద్ధగా వింటారు. మీటింగ్ మాత్రం వాళ్ళ డ్యూటీ చూసుకుని పెట్టండి. పొద్దుటి డ్యూటీ దిగి ఇంటికి వచ్చే వేళ మంచిది. రాత్రి ఎనిమిదికి పిలిస్తే, తెల్లవారుజామున లేవాల్సిన మనిషి రాలేదు. దాన్ని నిర్లక్ష్యం అనకూడదు.

ఆ ఇన్‌స్టిట్యూట్‌ని అలాగే దించుకోలేం. అది బడి కాదు, యూనివర్సిటీలోని పరిశోధనా సంస్థ. అధ్యయనాలు చేస్తుంది, పరిశోధన ఫలితాలను టీచర్లకు అందుబాటులోకి తెస్తుంది. అక్కడిది జాతి వివక్ష చరిత్ర, ఇక్కడ కులం. మన చుట్టూ యూనివర్సిటీలు లేవని కాదు. ఎచ్చెర్లలో 2008 నుంచి అంబేద్కర్ యూనివర్సిటీ ఉంది, విజయనగరంలో 2019లో వచ్చిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది. టౌన్‌లోని ఇలాంటి వీధుల గురించి అక్కడ ఎవరైనా ఏళ్ళ తరబడి పనిచేస్తే ఎంత బాగుంటుందో అని నాకు బలంగా అనిపిస్తుంది. అప్పటిదాకా దగ్గర్లోని బీఈడీ కాలేజీకి వెళ్ళి ప్రిన్సిపల్‌తో మాట్లాడండి. ట్రైనీలకు ఎలాగూ ఇంటర్న్‌షిప్ ఉంటుంది. ఇద్దరు ముగ్గురు సాయంత్రాలు వచ్చినా మీకు కొండంత అండ.

మీరు అడిగిన తరగతి విషయం. రెండు నుంచి అయిదో తరగతి వరకు తీసుకోండి, ఇరవై మందికి మించకుండా. చదవడం అప్పటికి రాకపోతే తర్వాత పట్టుకోవడం కష్టం. ఏడు, ఎనిమిది చదివే ఆడపిల్లలు తమ్ముళ్ళని ఎత్తుకుని వస్తారు, వాళ్ళని వెనక్కి పంపకండి. బడి మానేసే ప్రమాదం ఎక్కువగా ఉండేది వాళ్ళకే.

స్పోకెన్ ఇంగ్లీష్ విడిగా అక్కర్లేదు. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీష్ ఉన్న బడి పుస్తకాలు పిల్లల దగ్గరే ఉన్నాయి. ముందు తెలుగు పేజీ అర్థమయ్యేలా చదివించి, తర్వాత ఎదురు పేజీలో అదే వాక్యం వెతకమనండి. చాలా తొందరగా అలవాటవుతుంది.

చివరగా కాగితాల పని, ఇది చదువు కన్నా చిన్న పని అనుకోకండి. అయిదో తరగతి చదువుతుండగా నవోదయ ప్రవేశ పరీక్ష రాయాలి, మన జిల్లా నవోదయ కిల్తంపాలెంలో ఉంది. అంబేద్కర్ గురుకులాల్లో అయిదో తరగతి ప్రవేశానికి వేరే పరీక్ష ఉంది. ఎనిమిదిలో ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష రాసి ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ వరకు ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి, కుటుంబ ఆదాయం 3.5 లక్షలు దాటకూడదు. పారిశుద్ధ్య పనుల్లో ఉన్నవాళ్ళ పిల్లలకు కేంద్రం ఇచ్చే ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్ కూడా ఉంది, చాలామంది తల్లిదండ్రులకు దాని పేరే తెలియదు. కుల, ఆదాయ ధ్రువపత్రాలు వార్డు సచివాలయంలో ముందుగానే తీసి పెట్టండి. ఆధార్‌లో, బడి రికార్డులో పిల్ల పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో జూన్‌లోనే చూసుకోండి. తేడా ఉంటే సరిచేయించడానికి నెలలు పడుతుంది, ఈలోగా అప్లికేషన్ గడువు దాటిపోతుంది.