కారు టాప్ లైనింగ్ వేలాడుతుంటే గమ్ ఒక్కటే పూస్తే నిలవదు

అన్నా, మీ 2003 మోడల్ కారులో వెనక కూర్చున్నవాళ్ల తలకి టాప్ గుడ్డ తగులుతోందని, గమ్ పూసినా వారానికే మళ్లీ ఊడిందని రాశారు కదా, తప్పు గమ్‌ది కాదు. ఆ గుడ్డ వెనక పల్చటి ఫోమ్ పొర ఉంటుంది, ఏళ్ల తరబడి ఎండకి అదే పొడైపోయింది, ఇప్పుడు ఎంత మంచి గమ్ పూసినా అది ఆ పొడికి అంటుకుని పొడితో పాటే ఊడి వస్తుంది. సిరంజితో లోపలికి ఎక్కించడం కూడా దండగే, పైకి మరకలు తేలతాయి.

ఆ గుడ్డ అతికించి ఉండే టాప్ బోర్డు దించాల్సిందే. సన్ వైజర్లు, పైన పట్టుకునే హ్యాండిళ్లు, లైటు, పిల్లర్ల (టాప్‌ని మోసే, అద్దాల పక్క స్తంభాల) మీది ప్లాస్టిక్‌లు విప్పి, ముందు సీట్లు పూర్తిగా వాల్చి, ఇద్దరు పట్టుకుని ఎక్కువ తెరుచుకునే డోర్లోంచి మెల్లగా తీయండి, వంచితే విరుగుతుంది. కర్టెన్ ఎయిర్‌బ్యాగులు (టాప్ అంచుల్లో, పక్క అద్దాల పైన దాగి ఉండేవి) ఉన్న కారైతే మాత్రం మీరు చెయ్యి పెట్టొద్దు, తెలిసిన మెకానిక్‌కి ఇవ్వండి.

పాత గుడ్డ లాగేశాక మాస్కు పెట్టుకుని నైలాన్ బ్రష్‌తో ఫోమ్ మొత్తం రాల్చేయండి. పనిలో సగం ఇదే, ఇక్కడ బద్ధకిస్తే మళ్లీ మొదటికే. కొత్త గుడ్డ ఫోమ్ అతికించి ఉన్నదే కొనండి, సుమారు 3 మి.మీ. మందం, చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పు ఎక్కువ ఉండాలి. గమ్ వేడికి తట్టుకునే స్ప్రే రకం తీసుకోండి, మన మే ఎండలకి మామూలుది మెత్తబడుతుంది. బోర్డుకీ ఫోమ్‌కీ రెండిటికీ కొట్టి, జిగురుగా ఉన్నా వేలికి తడి అంటని దాకా ఆగి, సగం సగంగా మధ్యలోంచి అంచులకి అరచేత్తో నిమురుతూ అతికించండి. గట్టిగా నొక్కొద్దు, ఫోమ్ అణిగిపోతుంది. ఒక రోజు ఆరనిచ్చి బిగించండి.