ప్రీమెడ్‌కి పెద్ద పేరున్న యూనివర్సిటీయే కావాలా?

టెక్సస్‌లోని డాలస్‌లో ఉంటున్నాం, అమ్మాయి డాక్టరవుతానంటోంది, అప్పు చేసైనా పేరున్న ప్రైవేటు యూనివర్సిటీలో చేర్చాలా అని ఒకరు అడిగారు. నన్నడిగితే వద్దు.

అమెరికాలో ప్రీమెడ్ అనేది డిగ్రీ కాదు, మెడికల్ స్కూల్లో చేరడానికి ముందు కాలేజీలో చేసే సన్నాహం. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ లాంటి కోర్సులు ల్యాబులతో పూర్తిచేస్తే మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు) సంగీతమైనా ఫర్వాలేదు. మెడికల్ స్కూళ్లు ముందు చూసేది జీపీఏ (కాలేజీ గ్రేడుల సగటు), 528కి లెక్కగట్టే ఎమ్‌క్యాట్ అనే ప్రవేశ పరీక్ష స్కోరు. ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఒక్క సి గ్రేడు పడితే ఆ టెన్షన్ అంత తేలిగ్గా వదలదు. అసలు ఖర్చు డిగ్రీ తర్వాత మెడికల్ స్కూల్లో చదివే నాలుగేళ్లది, డబ్బు దానికి దాచండి. పైగా టెక్సస్ పబ్లిక్ మెడికల్ స్కూళ్లలో కనీసం 90 శాతం సీట్లు మీలాంటి ఆ రాష్ట్రం వాళ్లకే.

క్యాంపస్ చూడబోయినప్పుడు క్లాసులో ఎంతమందో కనుక్కోండి, మెడికల్ స్కూల్‌కి ప్రొఫెసర్ల సిఫారసు లేఖలూ కావాలి. మూడొందల మందిలో పేరు కూడా తెలియని పిల్లకి ఏ ప్రొఫెసర్ సిఫారసు లేఖ రాస్తారు?